తోక కత్తిరించిన చేప

మధ్యధరా సముద్రమున ఆటుపోటులు మిక్కిలి స్వల్పము. అందుచే ఫ్రాన్సు దక్షిణతీరమున వేసవి సెలవులు గడుపువారు ఏ వేళనైనను రాళ్ళపై కూర్చుండి గాలము వేయవచ్చును. కన్నుల నడుమ పసిడిపట్టీ గల 'దొరాద్' అను చేపకు ఆలిచిప్పల మాంసమనిన మహాప్రీతి, అదియే ఎర. చేప చిక్కినచో పిల్లల కేరింతలకు మేర యుండదు. కాని దాని నుంచుకొనదలచినవారు వెంటనే తోక క్రిందికొసను కత్తిరింపవలెను. ఇదేమి వింత యందురా? వినోదమునకై పట్టిన చేపను అమ్మరాదు. తోక తెగిన చేప అంగడిలో కనబడినచో గుట్టు బయటపడును. 2011లో ఏర్పడిన నియమమిది. వలనే నమ్ముకొన్న బెస్తవాని కూటికి సెలవులకు వచ్చినవాడు పోటీ కావచ్చునా?

నీలిరెక్కల ట్యూనా విషయమున కట్టుబాటు మరింత కఠినము. విచ్చలవిడి వేటచే అది తగ్గిపోయినది గదా! 30 కిలోల తూకమైనను 115 సెంటీమీటర్ల పొడవైనను లేనిదానిని, ఎంత శ్రమించి పట్టినను, మరల నీటిలోనికే విడువవలెను.