మూడు మూలల యుటిలిటీ

ప్రశ్న: శ్రీ సిటీలో అద్దెకుంటున్నాం. వంటింటి వెనక యుటిలిటీ త్రికోణంగా ఉంది. వాషింగ్ మెషీన్ పెడితే తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు తలుపు సంగతి చూడండమ్మా. ఇంటివాళ్లను అడిగి అది వంటింట్లోకి తెరుచుకునేలా బందులు మార్పించండి. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్ల వెడల్పు 60 సెంటీమీటర్లు. పొడవాటి గోడకు ఆనించి, వెనక గొట్టాలు నలగకుండా బెత్తెడు చోటు వదలండి. ఇరుకు మూలకు కడపరాయి ముక్కలను త్రికోణంగా కోయించి అరలు కట్టిస్తే, సబ్బులూ బ్రష్షులూ అక్కడే సర్దుకుంటాయి. తడికి చెక్క ఉబ్బిపోతుంది, వద్దు.

మీ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు. అందుకే పైకప్పుకు కప్పీలతో దించుకునే దండెం తప్పనిసరి. గచ్చు మీద చెంబెడు నీళ్లు పోసి చూడండి. జాలీ వైపు పారకపోతే మెషీన్ బిగించకముందే వాటం సరిచేయించాలి.