వానల్లో అహోబిలం వెళ్లొచ్చా?

ప్రశ్న: ఆగస్టులో అమ్మానాన్నలతో అహోబిలం వెళ్లాలనుకుంటున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు. తొమ్మిది నరసింహ ఆలయాలూ చూడగలమా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. నల్లమల పచ్చగా కళకళలాడేది వానల్లోనే. అయితే తొమ్మిదీ చూసి తీరాలన్న పట్టుదల మాత్రం వద్దు.

అసలు భయం భవనాశి వాగుతో. మీరున్న చోట చినుకు పడకపోయినా, పై కొండల్లో కురిసిన వాన ఇరుకు లోయలోకి ఒక్కసారిగా దిగుతుంది. మోకాలి లోతు నీరే కాసేపట్లో మనిషిని పడదోస్తుంది. నీళ్లు బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కండి. అవతల చిక్కుకుపోతే నీరు తగ్గేదాకా ఆగండి. దాటొద్దు.

ఆళ్లగడ్డ మీదుగా పొద్దున్నే దిగువ అహోబిలం చేరండి. ప్రహ్లాదవరదుడి దర్శనమయ్యాక యోగానంద, ఛత్రవట ఆలయాలకు బండిలో వెళ్లొచ్చు. ఎగువ అహోబిలానికీ రోడ్డుంది, కారంజ నరసింహుడు ఆ దారిలోనే. నాన్నగారికి ఇంతవరకు చాలు. జ్వాలా నరసింహుడి దారిలో రాళ్లు పాచిపట్టి జారతాయి. ఓపికున్నవాళ్లే, దారి తెలిసిన స్థానికుడితో వెళ్లి మధ్యాహ్నంలోపు తిరిగి రండి. ఉగ్రస్తంభం ఎక్కడం వానల్లో పూర్తిగా మానుకోండి.

అడవిదారి తెరిచి ఉందో లేదో అటవీ సిబ్బందిని అడిగాకే కదలండి. జారిపడినవారు కాలు మోపలేకపోతే నడిపించకుండా 108కి ఫోన్ చేయండి. ఇంటికొచ్చాక కొన్ని వారాల్లో చలిజ్వరం వస్తే వెంటనే డాక్టరును కలిసి, అడవికి వెళ్లొచ్చిన సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.