ఫించ్ పిట్టలు పిల్లలు చేయడం లేదా? కుండ కదపకండి, రోజులు లెక్కపెట్టండి

జీబ్రా ఫించ్ జతను తెచ్చి గూట్లో వదిలిన కొత్తలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. రోజుకు నాలుగుసార్లు కుండలో చెయ్యి పెట్టి చూస్తారు. గుడ్డు పెట్టిందా, పొదుగుతోందా, పిల్ల అయ్యిందా అని ఒకటే ఆత్రం. పన్నెండు రోజులు దాటగానే ‘ఇవి మురిగిపోయినట్టున్నయి’ అని గుడ్లు పారేస్తారు. ఇంకో నాలుగైదు రోజులు ఆగితే అవే గుడ్ల నుంచి పిల్లలు వచ్చేవి కావచ్చు. ఫించ్‌ల పెంపకంలో నష్టం రోగాలతో ఎంత వస్తుందో తొందరపాటుతోనూ అంత వస్తుంది.

జ్యోతినగర్, గోదావరిఖని కాలనీలకు దగ్గరలో ఉండి, పెరట్లో కొంచెం నీడ ఉన్న చిన్న రైతు సరదాకో, చేతిఖర్చులకో వీటిని పెంచుకోవచ్చు. పంటకు బదులుగా మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. రెండు జతలతో మొదలుపెట్టండి. పిల్లలను కొనేవారితో ముందే మాట్లాడుకోండి.

ఏ పిట్ట పెంచాలి?

జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా పిట్ట. తరతరాలుగా పంజరాల్లోనే పెరుగుతోంది. మన కొర్ర, వరి కంకుల మీద వాలే జీనువాయిలూ అదే కుటుంబానివే. కానీ వాటిని పట్టడం, పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా వల వేసి పట్టిన పిట్టలను తక్కువ ధరకు ఇస్తామంటే తీసుకోవద్దు.

మగదానికి బుగ్గల మీద నారింజ రంగు మచ్చ, ఛాతీ మీద నల్ల చారలు, పక్కల తెల్ల చుక్కలు ఉంటాయి. ఆడది బూడిద రంగులో సాదాగా ఉంటుంది. తెల్ల రకంలో ఈ గుర్తులు కనిపించవు. మగదాని ముక్కు ముదురు ఎరుపు, ఆడదానిది లేత నారింజ. పాట పాడేది మగదే. ఆరు నెలలు నిండని పిట్టలను జత కట్టించవద్దు.

గూడు, మేత

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న జాలీ గది నాలుగైదు జతలకు సరిపోతుంది. జాలీ కన్ను అరంగుళం మించకూడదు. మించితే ఎలుకలు, పాములు దూరతాయి. గది కాళ్లను నీళ్ల పళ్లాల్లో పెడితే చీమలు ఎక్కవు. జతకు రెండేసి చిన్న మట్టి కుండలు కట్టండి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై కుండ కోసం కొట్లాట ఉండదు. ఓపెన్‌కాస్ట్ గనుల పేలుళ్లకు అదిరే ఊళ్లలో కుండలను తీగతో గట్టిగా బిగించాలి.

గూటి కోసం ఎండు గడ్డి, పొట్టిగా కత్తిరించిన కొబ్బరి పీచు ఇవ్వండి. దారాలు వేస్తే కాళ్లకు చుట్టుకుంటాయి. గుడ్లు పెట్టడం మొదలవగానే మిగిలిన గడ్డి తీసేయండి. లేకుంటే పెట్టిన గుడ్ల మీదే మళ్లీ గూడు కడతాయి.

కొర్రలు, సామలు ముఖ్యమైన మేత. మందు పట్టించిన విత్తనాలు మిగిలాయని ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు. పిల్లలున్నప్పుడు నానబెట్టి మొలకెత్తిన కొర్రలు, చిదిమిన ఉడికిన గుడ్డు పెట్టాలి. రెండు గంటల తర్వాత మిగిలింది తీసేయాలి. సున్నం కోసం సముద్రపు నురుగు గానీ, ఉడికించి ఎండబెట్టి పొడిచేసిన గుడ్డు పెంకులు గానీ ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి.

రోజుల లెక్క

ఆడది రోజుకొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. మొదటి గుడ్డుకే పొదగదు. మూడో నాలుగో గుడ్డు తర్వాతే గట్టిగా కూర్చుంటుంది. ఆడ, మగ రెండూ వంతులవారీగా పొదుగుతాయి. అక్కడి నుంచి 12 నుంచి 14 రోజులు పడుతుంది.

ఉదాహరణకు ఒకటో తారీఖున మొదటి గుడ్డు పెట్టి, నాలుగో తారీఖు నుంచి పొదిగితే, పిల్లలు 16 నుంచి 18 తారీఖుల మధ్య రావాలి. ఆలస్యంగా పెట్టిన గుడ్డుకు ఇంకో రెండు రోజులు పట్టవచ్చు. కాబట్టి 22వ తారీఖు దాకా గుడ్లు తీయవద్దు.

పొదగడం మొదలైన ఆరేడు రోజులకు, పిట్టలు మేతకు దిగినప్పుడు, చిన్న టార్చి వెలుగులో గుడ్డు చూడవచ్చు. ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టు. తేటగా ఉంటే అప్పటికి పిల్ల కట్టలేదన్నమాట. రాత్రిపూట చూడవద్దు. బెదిరి లేచిన పిట్టకు చీకట్లో గూడు దొరక్క గుడ్లు చల్లబడతాయి.

పిల్లలు మూడు వారాలకు గూడు దిగుతాయి. ఇంకో రెండు వారాలు తల్లిదండ్రులే మేపుతాయి. సొంతంగా తింటున్నట్టు రూఢి చేసుకున్నాకే వేరు చేయాలి.

ఎక్కడ తప్పుతోంది?

గూడు కట్టి గుడ్లు పెట్టకపోతే: వయసు చాలలేదేమో, రెండూ మగవేనేమో చూడండి. కుక్క, పిల్లి, పిల్లల అల్లరి దగ్గరలో ఉన్నా గుడ్లు పెట్టవు.

గుడ్లన్నీ తేటగా ఉంటే: రెండూ ఆడవి కావచ్చు. అప్పుడు ఎనిమిది, పది గుడ్లు ఒకే కుండలో పోగవుతాయి. కూర్చునే పుల్ల వదులుగా ఊగుతున్నా జత సరిగా కట్టలేవు.

పిల్ల పెంకులోనే చస్తే: ఎండ, పొడిగాలి, మాటిమాటికి గూడు కదపడం ముఖ్య కారణాలు. స్నానానికి రోజూ వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టండి. తడిసిన ఈకలతో అవే గుడ్లకు తేమ అందిస్తాయి.

పిల్లలను కింద పడేస్తే: మొలకలు, గుడ్డు చాలడం లేదేమో చూడండి. గదిలో పిట్టలు ఎక్కువైనా ఇలాగే జరుగుతుంది. పడిన పిల్లలో ప్రాణం ఉంటే అరచేతిలో వెచ్చబరిచి గూట్లో పెట్టండి. మనిషి వాసనకు తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు.

ఆడది ఈకలు ఉబ్బించుకుని నేల మీద కూర్చుంటే: గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. ఒక్క ఈ విషయంలో ఆగొద్దు. చిన్న పెట్టెలో పెట్టి, పక్కన బల్బు వెలిగించి వెచ్చగా ఉంచి, పశువైద్యుడికి చూపించండి.

రాత్రుళ్లు గూడు వదిలేస్తే: కుండ పగుళ్లలో ఎర్ర గోమార్లు ఉండవచ్చు. పిల్లలు దిగాక కుండలు మరిగే నీళ్లలో ముంచి ఎండబెట్టండి. పత్తికి కొట్టే మందు చల్లితే గోమార్లతోపాటు పిట్టలూ పోతాయి.

ఎండ, పొగ

మన ప్రాంతంలో మే నెల ఎండకు మనుషులే తట్టుకోలేరు. మార్చి ఆఖరుకు కుండలు తీసేసి, వానలు పడి చల్లబడే దాకా పిట్టలకు విశ్రాంతి ఇవ్వండి. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. ఏడాదికి మూడు ఈతలు మించనీయవద్దు. మించితే ఆడది చిక్కిపోతుంది.

బొగ్గు పొయ్యి పొగ తగిలే చోట గది పెట్టవద్దు. ఫించ్ కుటుంబానిదే అయిన కానరీ పిట్టను బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా విషవాయువు గుర్తించడానికి వాడారు. గాలి చెడితే మనిషి కంటే ముందు అది సొమ్మసిల్లేది. మీ పిట్టల ఊపిరీ అంత సున్నితమే.

ఒకసారి ఒకే మార్పు

ఒక ఈత పాడైతే మేత, కుండ, జత, చోటు అన్నీ ఒకేరోజు మార్చేస్తారు. అలా చేస్తే తర్వాత పిల్లలు అయినా, కాకపోయినా కారణం తెలియదు. ఒక్కటి మార్చండి. వచ్చే ఈత దాకా ఆగి చూడండి. పాత నోటు పుస్తకంలో జతకొక పేజీ పెట్టి గుడ్డు పెట్టిన తేదీ, పొదిగిన తేదీ, పిల్లల సంఖ్య, చేసిన మార్పు రాయండి. కొత్త జత మొదటి ఈత పోవడం మామూలే. అవి కూడా నేర్చుకుంటాయి. వరుసగా మూడు ఈతలు పోతేనే జత మార్చండి. అప్పటిదాకా పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి మేత, నీళ్లు చూసుకుని, కుండ జోలికి పోకుండా ఉండటమే మీ పని.