అరకు సీటు, పార్వతీపురం సీటు: మతం ఎక్కడ అడ్డు?

పాకిస్థాన్ జాతీయ అసెంబ్లీలో ముస్లిమేతరులకు 10 స్థానాలు కేటాయించారు. అధ్యక్షుడు, ప్రధాని మాత్రం ముస్లింలే కావాలి (41, 91 అధికరణలు). ఇరాన్ మజ్లిస్‌లోని 290 స్థానాల్లో క్రైస్తవులవి 3: ఆర్మేనియన్లకు 2, అస్సీరియన్, కల్దానీయులకు కలిపి 1. అక్కడ సీటు మతాన్ని బట్టే.

మన్యంలో లెక్క వేరు. 2008 పునర్విభజనతో వచ్చిన అరకు లోక్‌సభ స్థానం ఎస్టీ రిజర్వుడు. చర్చికి వెళ్లే ఆదివాసీ కూడా నామినేషన్ వేయొచ్చు. 342వ అధికరణ కింద వెలువడిన 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మతం ఊసే లేదు.

తమాషా ఏమిటంటే, అదే లోక్‌సభ పరిధిలోని పార్వతీపురం అసెంబ్లీ సీటు ఎస్సీలది. అక్కడ క్రైస్తవం స్వీకరించిన దళితుడికి దారి మూసుకుపోతుంది. అడ్డు పడేది 341వ అధికరణ కింది ఎస్సీ ఉత్తర్వులోని 3వ పేరా. మొదట హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దక్కింది. ఎస్సీ క్రైస్తవులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ, కోటా 1 శాతం.

ఎస్టీలకూ ఒక మెలిక ఉంది. మతం మారినంత మాత్రాన హోదా పోదని, తెగ ఆచారాల్లో కొనసాగుతున్నారా అన్నది చూడాలని చంద్రమోహనన్ కేసులో (2004) సుప్రీంకోర్టు చెప్పింది.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ ఏపీ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానించింది. అంతకుముందే, 2022లో, ఇదే అంశంపై కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.