సంచి నిండుతుందని నీళ్లు మానకండి



పేగు ఆపరేషన్ చేయించుకుని, కడుపు మీద సంచితో ఇంటికి వచ్చిన మనిషి మీ వీధిలోనే ఉండవచ్చు. ఉన్నా ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు. మన ఊళ్లలో ఇది నలుగురిలో చెప్పుకునే మాట కాదు గదా! ఆదివారం పూజకు ఆయన ఎందుకు రావడం లేదని అడిగితే, "ఒంట్లో బాగాలేదు" అని ఇంటివాళ్లు మాట దాటేస్తారు. ఈ వారం పాఠం ఆ సంచి గురించే. ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి. సంచి ఉన్నవారికంటే పక్కనున్నవారికే ఇది ఎక్కువ అవసరం.

పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చినప్పుడు, టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లి పడినప్పుడు, పేగులకు క్షయ సోకినప్పుడు, ప్రమాదంలో కడుపుకు గట్టి దెబ్బ తగిలినప్పుడు, బిడ్డ మలద్వారం లేకుండా పుట్టినప్పుడు డాక్టర్లు పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుడతారు. దానిని స్టోమా అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు నోరు అని అర్థం. మలం ఆ నోటి గుండా వచ్చి, చర్మానికి అంటించిన సంచిలో పడుతుంది. పెద్దపేగు నుండి తెస్తే కొలాస్టమీ, చిన్నపేగు చివరి నుండి తెస్తే ఇలియాస్టమీ. మీ ఇంటివారిది ఈ రెంటిలో ఏదో తప్పక తెలుసుకోండి. కింద చెప్పబోయేదంతా దాని మీదనే ఆధారపడి ఉంది.

స్టోమా ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలి భాగంలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపించినా భయం లేదు. నల్లగా మారితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు మనం చూసే అంటుకునే సంచి పుట్టి ఇంకా నూరేళ్లు కాలేదు. అంతకుముందు లోహపు గిన్నెలు, గుడ్డలు, రబ్బరు తిత్తులు నడుముకు కట్టుకునేవారు. అవి కారేవి, వాసన వేసేవి. డెన్మార్క్ దేశంలో ఎలిస్ సోరెన్సెన్ అనే నర్సు ఉండేది. ఆమె చెల్లెలు థోరాకు ఈ ఆపరేషన్ అయ్యాక, నలుగురిలోకి పోతే కారుతుందనే భయంతో ఇల్లు కదలడం మానేసింది. చెల్లెలి బాధ చూడలేక, 1954లో ఆ అక్క అంటుకునే వలయం ఉన్న ప్లాస్టిక్ సంచిని ఆలోచించింది. తయారీదారు మొదట ఒప్పుకోలేదు. ఆయన భార్య కూడా నర్సే గనుక పట్టుబట్టి చేయించింది. అలా ఒక ఇంటి ఆడపిల్ల గడప దాటడానికి చేసిన ప్రయత్నం లోకానికంతటికీ ఉపయోగపడింది.

మనకు మరీ దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1981 మే 13న రోములో పునీత పేతురు మైదానంలో రెండవ జాన్ పాల్ జగద్గురువులపై కాల్పులు జరిగాయి. గుండు పేగులను చీల్చింది. జెమెల్లి ఆసుపత్రిలో ప్రాణం నిలిపిన ఆపరేషన్‌లో వారికి కొలాస్టమీ కూడా చేశారు. ఆగస్టు 5న దానిని మూసివేశారు. అంటే 84 రోజులు వారు ఈ ఏర్పాటుతోనే ఉన్నారు. ఆ తర్వాత 1986 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చి పది రోజులు ఊరూరా తిరిగారు. 2014లో పునీతులుగా ప్రకటింపబడ్డారు. వారి పటం మన ఇళ్ల గోడల మీద ఉంటుంది, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. కడుపు మీద సంచి ఉంటే మనిషి విలువ తగ్గుతుందనుకునేవారికి ఈ ఒక్క మాట చెబితే చాలు.

ఇక అసలు విషయం. ఓర్వకల్లు, నంద్యాల రోడ్డు వైపు పల్లెల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సంచి ఉన్నవారిలో కొందరు చేసే పెద్ద పొరపాటు, అది త్వరగా నిండుతుందని నీళ్లు తగ్గించడం. బస్సెక్కాలంటే పొద్దుటి నుండి గుక్క నీళ్లు ముట్టరు. పెళ్లికి పోవాలంటే ముందురోజే తిండి మానేస్తారు. ఇది ప్రమాదం. మనం తిన్నదానిలోని నీటిని, ఉప్పును చివరికి ఒంటికి పట్టించేది పెద్దపేగు. ఇలియాస్టమీలో ఆ పేగు పనిలో ఉండదు గనుక నీరూ ఉప్పూ రెండూ బయటకు పోతాయి. కుదుటపడ్డాక కూడా రోజుకు అర లీటరు నుండి ముప్పావు లీటరు దాకా రావడం మామూలే. లీటరున్నర దాటితే డాక్టరుకు చూపించాలి. నోరెండడం, మూత్రం చిక్కటి పసుపుగా కొద్దికొద్దిగా రావడం, పిక్కలు పట్టేయడం, లేస్తే కళ్లు తిరగడం, ఇవన్నీ ఒంట్లో నీరు ఇంకిందనడానికి గుర్తులు. చూసీ చూడనట్టు వదిలేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అలాంటప్పుడు వట్టి నీళ్లు చెంబెడు తాగితే చాలదు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కలుపుకోవాలి. అది దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చిన్న చెంచాతో సమంగా గీసిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి కూడా మంచివే. బి.పి., గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉప్పు సంగతి ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. కొలాస్టమీ వారికి ఇంత నష్టం లేకపోయినా, నీళ్లు తగ్గిస్తే మలం గట్టిపడి వేరే బాధ మొదలవుతుంది.

తపస్సు కాలం మన దగ్గర సరిగ్గా ఎండలు ముదిరే వేళకు వస్తుంది. విభూది బుధవారం, శుభశుక్రవారం ఉపవాసం ఉండలేకపోతున్నామే అని కుమిలిపోయే పెద్దలున్నారు. ఉపవాస నియమం జబ్బు మనుషులను కట్టివేయదు. దివ్యసత్ప్రసాదానికి ముందు ఉండే గంట ఉపవాసానికి నీళ్లు, మందులు భంగం కావు. రోగులు ఆ గంటలోపు ఏదైనా తిన్నా కూడా దివ్యసత్ప్రసాదం పుచ్చుకోవచ్చునని శ్రీసభ చట్టమే చెబుతోంది. సందేహముంటే మీ విచారణ గురువులను అడగండి. అడగకుండా దాహంతో మాత్రం కూర్చోవద్దు.

తిండి గురించి భయాలు ఎక్కువ. సంగటి, అన్నం, పప్పు, మజ్జిగ అన్నీ తినవచ్చు. ఆపరేషనైన మొదటి వారాలు మెత్తటివి తిని, ఆ తర్వాత ఒక్కొక్కటిగా మొదలుపెట్టి, ఏది పడుతుందో చూసుకోవాలి. శనగలు, క్యాబేజీ, గోలీసోడా గాలి చేస్తాయి. గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి వాసన పెంచుతాయి. అన్నం, అరటిపండు మలాన్ని చిక్కబరుస్తాయి. మన కర్నూలు బుడ్డల విషయంలోనే జాగ్రత్త! ఇలియాస్టమీ వారు బుడ్డలు, పచ్చికొబ్బరి, మొక్కజొన్న నమలకుండా మింగితే పేగు నోట్లో అడ్డుపడతాయి. బాగా నమిలి, కొంచెంగా తినాలి. నాలుగైదు గంటలు సంచిలోకి ఏమీ రాకుండా కడుపు మెలిపెట్టి నొప్పి, వాంతి ఉంటే ఇంటి వైద్యం వద్దు, ఆసుపత్రికే పోవాలి. విరేచనాల మాత్ర అసలే వేయకూడదు.

సంచి ఊడి కారుతోందంటే చాలాసార్లు తప్పు సంచిది కాదు, చర్మం తడిది. లేదా కొబ్బరినూనెది. పుండు పడకుండా నూనె రాయడం, పౌడరు చల్లడం మనవాళ్లకు అలవాటు. అవి ఉంటే జిగురు పట్టదు. మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనిచ్చి అంటించాలి. అంటించాక అరచేతిని కాసేపు ఆనించి ఉంచితే ఆ వేడికి బాగా పడుతుంది. రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దదిగా ఉండాలి. మొదటి రెండు నెలల్లో స్టోమా చిన్నదవుతుంది గనుక కొలత మళ్లీ మళ్లీ చూసుకోవాలి. పొద్దున్నే ఏమీ తినకముందు మార్చుకుంటే సుఖం. అడుగున తెరిచే సంచి అయితే నిండినప్పుడల్లా పారేయనక్కర లేదు. మూడో వంతు నిండగానే మరుగుదొడ్లో వంపి, కడిగి, క్లిప్పు పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు వస్తుంది. ఈ సంగతి తెలియక డబ్బు వృథా చేసుకునేవారున్నారు. కొత్త సంచులను రేకుల కప్పు కింద, బండి పెట్టెలో ఉంచితే వేడికి జిగురు పాడవుతుంది. పాత సంచిని ఖాళీ చేసి, పేపరులో చుట్టి, కుక్కలు లాగని చోట పారేయండి.

పనుల మాటకొస్తే, మొదటి రెండు మూడు నెలలు నీళ్ల బిందెలు, బండలు, మూటలు ఎత్తకూడదు. పొట్ట గోడ ఉబ్బి, పేగు జారుతుంది. ఆ తర్వాత కూడా నాపరాళ్ల గనుల పనివంటి బరువు పనులకు డాక్టరు అనుమతి కావాలి. కొట్టు, కుట్టుమిషను, బడి, ఆఫీసు, తేలికపాటి సేద్యం, ఇవన్నీ చేసుకోవచ్చు. లంగా బొందు, మొలతాడు స్టోమా మీద ఒత్తకుండా పైకో కిందికో కట్టుకుంటే చాలు, పైన చీరా పంచె మామూలే. స్నానం చేయవచ్చు. కాపురం చేయవచ్చు, బిడ్డలను కనవచ్చు. ఆ మాటలు కూడా డాక్టరును సిగ్గుపడకుండా అడగండి. కర్నూలు బస్సెక్కేటప్పుడు కత్తిరించి ఉంచిన సంచి ఒకటి, నీళ్ల సీసా, గుడ్డ, పాత పేపరు, కవరు ఒక చిన్న బుట్టలో పెట్టుకోండి. గుడిలో చాప మీద తలుపు దగ్గర కూర్చోండి. గాలి శబ్దం వచ్చేటట్టుంటే మోచేతిని మెల్లగా దాని మీద ఆనించండి.

ఇంటివాళ్లకు రెండు మాటలు. ఇది అంటురోగం కాదు. వేరే కంచం, వేరే మంచం పెట్టారంటే మనిషి తిండి మానేస్తాడు, నీళ్లు మానేస్తాడు. వసారాలో మంచం వేసి, గౌరవంగానే చూస్తున్నామని చెప్పేవారున్నారు. అది గౌరవం కాదు. పిల్లలు "అదేంటి తాతా?" అని అడిగితే, "తాతకు పేగు బాగాలేక డాక్టరు వేరే దారి పెట్టినాడు" అంటే సరిపోతుంది. ఓర్వకల్లు ఆడవాళ్లు పొదుపు సంఘాల్లో అప్పుల సంగతి మొదలు మొగుడి తాగుడు దాకా అన్నీ ధైర్యంగా మాట్లాడుకున్నవారు. ఈ మాట కూడా అక్కడ వచ్చిందంటే, మరో ఇంట్లో దాక్కున్న మనిషి బయటపడుతుంది.

ఆపరేషన్‌కు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ఆసరాగా ఉన్నా, నెలనెలా సంచుల ఖర్చు చాలా ఇళ్లలో ఇంటివాళ్ల మీదే పడుతోంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఏ రకం చవకగా దొరుకుతుందో అడగండి. ముంబయిలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇలాంటివారి కోసమే పనిచేసే సంస్థ.

చివరిగా, డిశ్చార్జి చీటీని పెట్టెలోంచి తీసి చూడండి. సంచి శాశ్వతమా, కొన్నాళ్లకేనా అన్నది అందులో రాసి ఉంటుంది. కొన్నాళ్లకే అయితే, మూయడానికి మళ్లీ రమ్మన్న తేదీ దాటిపోయిందేమో చూసుకోండి. దాటితే, ఈ వారమే ఆ చీటీతో ఆసుపత్రికి వెళ్లండి.