చలికి ఇంజను ఎందుకు కొట్టుకుంటుంది?

మా చీమకుర్తి చలి చెప్పుకోదగ్గ చలేమీ కాదు. లంబసింగిలోలాగా గడ్డిమీద మంచు పేరుకోదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ వుంటుంది, అంతే. అయినా ఆ రోజుల్లో పొద్దున్నే వీధిలోకి వస్తే గెలాక్సీ రాయి క్వారీలకు పోయే లారీలు, మిరపచేలకు పోయే ట్రాక్టర్లు ఒక్కోటి ఒక్కో రకంగా దగ్గుతూ వినిపిస్తాయి. రోహిణీకార్తెలో నోరెత్తని ఇంజను పుష్యమాసంలో టకటకమని ఎందుకు కొట్టుకుంటుంది? ఇంత కొద్ది చలికేనా?

మెకానిక్కులు దీనికి చెవితో జవాబు చెబుతారు. సైన్సు విద్యార్థులమైన మనం క్లాసులో నేర్చుకున్న రెండు మూడు సూత్రాలతో చెప్పవచ్చు. రెండూ కలిస్తే ఇంకా మంచిది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు లేదని అందరికీ తెలుసు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో నడిపి చూపిన ఇంజను మొదలు నేటి ట్రాక్టరు దాకా కిటుకు ఒక్కటే. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చెయ్యి కాలేంత వేడెక్కడం ఇదే. స్థిరోష్ణక ప్రక్రియ పాఠంలోని సూత్రం ప్రకారం, తుది ఉష్ణోగ్రత మొదటి ఉష్ణోగ్రతకు ఇన్ని రెట్లు అని వస్తుంది. ఆ రెట్టింపు సంపీడన నిష్పత్తిని బట్టి వుంటుంది. నిష్పత్తి 17 అనుకుందాం. పుస్తకంలో ఘాతం 0.4 అని వుంటుంది గాని, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంది, కొంత వేడి చల్లటి గోడలకు పోతుంది, కొంత గాలి రింగుల సందుల్లోంచి కారిపోతుంది. కనుక 0.3 వేసుకుంటే నిజానికి దగ్గర. అప్పుడు గుణకం 2.34.

మే నెల మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలు, అంటే 313 కెల్విన్. నొక్కితే 732 కెల్విన్, అనగా సుమారు 459 సెల్సియస్. పుష్యమాసపు తెల్లవారుజాము గాలి 18 డిగ్రీలు. నొక్కితే 408. తేడా 51 డిగ్రీలే! డీజిల్ దాదాపు 210 దగ్గర తనంతట తాను అంటుకోగలదు కాబట్టి 408 దగ్గర భయమేమీ లేదు. ఇప్పుడు రింగులు అరిగి, గాలి బాగా కారిపోయే ఇంజనును తీసుకోండి. ఘాతం 0.2కు పడిందనుకుంటే 18 డిగ్రీల గాలి 240 దగ్గరే ఆగిపోతుంది. అదే ఇంజను మే నెలలో 279కి పోతుంది. ఇవి కాగితం మీద వేసిన ఉజ్జాయింపు లెక్కలే. అయినా విషయం తేలుతోంది. మా ప్రాంతపు చలి మంచి ఇంజనును ఏమీ చేయలేదు. అంచు మీద వున్న ఇంజనును మాత్రం బయటపెడుతుంది.

ఇక శబ్దం సంగతి. నాజిలు డీజిలును చిమ్మిన క్షణానే మంట పుట్టదు. తుంపర ఆవిరై, గాలితో కలిసి అంటుకోవడానికి సెకనులో వెయ్యో వంతు, రెండు వంతులు పడుతుంది. దీన్ని జ్వలన జాప్యం అంటారు. గాలి వేడి తగ్గితే ఈ జాప్యం పెరుగుతుంది. ఆలోగా నాజిలు చిమ్ముతూనే వుంటుంది. పోగుపడ్డ డీజిలంతా ఒక్కసారిగా భగ్గుమంటే పీడనం నిటారుగా లేచి, పిస్టన్ నెత్తిన సుత్తి పెట్టి కొట్టినట్టవుతుంది. అదే చలికాలపు టకటక. పూర్తిగా కాలని డీజిలు తెల్లపొగగా, కళ్ళు మండే వాసనతో వస్తుంది. డీజిలు ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పేది సీటేన్ సంఖ్య. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వచ్చిన బి.ఎస్-6 డీజిలుకు అది కనీసం 51 వుండాలి. డబ్బాల్లో నెలల తరబడి మురిగిన డీజిలుకు ఆ భరోసా లేదు.

చల్లటి ఇంజనులో వినపడే చప్పుడంతా ఇదే కాదు. పిస్టన్ అల్యూమినియంది, లైనరు పోత ఇనుముది. వ్యాకోచ గుణకం మొదటిదానికి డిగ్రీకి పది లక్షల్లో 23, రెండోదానికి 11. వంద మిల్లీమీటర్ల పిస్టన్ వంద డిగ్రీలు వేడెక్కితే 0.23 మి.మీ. పెరుగుతుంది. లైనరు అరవై డిగ్రీలు వేడెక్కితే 0.07 పెరుగుతుంది. అంటే చల్లగా వున్నప్పుడు సందు 0.16 మి.మీ. ఎక్కువ. పిస్టన్ ఆ సందులో అటూ ఇటూ ఒరిగి డబ్ డబ్ మని బోలు శబ్దం చేస్తుంది. మంచుకు తడిసిన బెల్టు కీచుమంటుంది. పొద్దుటిపూట చిక్కగా వుండే ఆయిలు పైకెక్కేదాకా రెండు మూడు సెకన్లు టాపెట్లు టిక్కుటిక్కుమంటాయి. ఆయిలు డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని వుంటుంది చూడండి, ఆ డబ్ల్యూ వింటరే.

మా ఇంటి ట్రాక్టరు మూడు సిలిండర్లది, నాకంటే వయసులో పెద్దది. పోయిన సంక్రాంతి ముందు పొద్దున్నే అదిరిపోయేలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మేస్త్రీ వచ్చి విని, "ఇంజను దింపాలన్నా. బోరు కొట్టించి పిస్టన్లు మార్చాల" అన్నాడు. మొదటి కోత కాయ ఇంకా కల్లంలోనే ఆరుతోంది. పత్తి డబ్బు పురుగుమందుల కొట్టు బాకీకే సరిపోయింది. పైగా కోతల నడుమ ట్రాక్టరు పదిరోజులు షెడ్డులో పడుంటే బాడుగ బండికి డబ్బెక్కడిది? "ఏందిరా అబ్బాయ్, సైన్సు చదువుతుండావుగా, ఈ శబ్దం ఏందో చెప్పు" అన్నాడు నాయన, సగం ఎగతాళికి.

ఐదు రోజులు వరసగా గడియారం పెట్టుకుని విన్నాను. శబ్దం నాలుగు నిమిషాలకు దాదాపు పోతోంది. తెల్లపొగా దాంతోపాటే పోతోంది. నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే పరీక్ష ఇదే. వేడెక్కేకొద్దీ తగ్గే శబ్దం జ్వలన జాప్యానిదో, పిస్టన్ సందుదో అయివుంటుంది. వేడెక్కేకొద్దీ పెరిగే బరువైన శబ్దం బేరింగులది. ఆయిలు పలచబడి, అరిగిన షెల్సు మధ్య పొర నిలవక వచ్చేది. దాన్ని విన్న క్షణానే ఇంజను ఆపేయాలి, ఇంటిదాకా తోలుకొద్దామనుకోకూడదు. మాది తగ్గే రకం.

ఆరో రోజు మేస్త్రీనే బతిమాలి, చల్లటి ఇంజను నడుస్తుండగా ఒక్కో నాజిలు పైపు నట్టు అరచుట్టు వదులు చేయించాను. మొదటిదానికీ రెండోదానికీ టకటక మారలేదు. మూడోది వదిలేసరికి ఠక్కున ఆగింది. చప్పుడు ఆ సిలిండరు మంటదే. టాపెట్టుదైతే డీజిలు ఆపినా ఆగదు. ఆ నాజిలును ఒంగోలు తీసుకుపోయి పంపుల షాపులో టెస్టరు మీద పెడితే, పొగమంచులా చిమ్మాల్సింది బొట్లుబొట్లుగా కారుతోంది. నాజిలు మార్చాక టకటక పోయింది. మొదటి నిమిషం మెత్తటి డబ్ డబ్ మాత్రం మిగిలింది. బోరు అరిగిన మాట కూడా నిజమే, మేస్త్రీ చెవి అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది ఎండాకాలం దాకా ఆగగలిగిన పని.

పాతకాలపు ఆయిలు ఇంజన్ల రైతులు జాకెట్లో వేణ్ణీళ్ళు పోసి స్టార్టు చేసేవారు. అది పైన చెప్పిన సూత్రానికి సరిగ్గా సరిపోయే పద్ధతి. గాలి వచ్చే గొట్టం దగ్గర గుడ్డపీలికలు మండించడం, ఈథరు చిమ్మడం మాత్రం నాకు నచ్చవు. ఈథరు మరీ ముందుగా అంటుకుని రింగులను విరగ్గొట్టగలదు. స్టార్టు కాగానే గట్టిగా రేజు చేయడమూ మానాలి. రెండు మూడు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి, తర్వాత తేలిక పనితో వేడెక్కనివ్వాలి.

నట్టు వదులు చేసే పరీక్ష పాత పంపు ఇంజన్లకే. అక్కడైనా చెయ్యి అడ్డం పెట్టకూడదు, ఆ పీడనంతో డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్‌రైలు కార్లు, లారీల్లో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. వాటి పైపుల మీద స్పానరు పెట్టనేకూడదు, స్కానరు తగిలించి చూడాల్సిందే.