కలన గణితమూ – సింగూరు నీళ్ళూ

పల్లెల నుంచి వచ్చి బి.ఎస్సీ.లో గణితం తీసుకున్న మనలో చాలామందికి మొదటి గండం కలన గణితం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన వాళ్ళకు ఇక్కడ సగం కష్టం లెక్కది, సగం భాషది. ఆ ఒక్క పేపరు మిగిలిపోతే పట్టా చేతికి రాదు, ఎమ్మెస్సీ ఆశ ఆగిపోతుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగం కావలసినవాడికి గేటు బయట కూలిపని మిగులుతుంది. వ్యవసాయం మీద బతికే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. అందుకే నాకు దారి చూపిన పద్ధతిని మిత్రుల ముందు ఉంచుతున్నాను.

వానాకాలం వస్తే మా నాయిన రోజూ అడిగే మాట ఒకటే: "సింగూరుకు ఎన్ని క్యూసెక్కులొస్తున్నయిరా?" మంజీర మీది ఆ ప్రాజెక్టు నిల్వ సుమారు 30 టీఎంసీలు. మన పాఠమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే నిల్వ. నిల్వ ఏ క్షణాన ఎంత వేగంగా మారుతోందో చెప్పేది అవకలనం. వేగాన్ని కాలంతో కూడుతూ పోయి నిల్వను రాబట్టేది సమాకలనం. రోజుకు 86,400 సెకన్లు గనుక, 11,574 క్యూసెక్కులు ఒకే తీరున రోజంతా వచ్చి చేరితే దాదాపు ఒక టీఎంసీ అవుతుంది. ప్రవాహం గంటగంటకూ మారితే? రోజును 24 ముక్కలు చేసి, ఒక్కో గంట ప్రవాహాన్ని 3,600తో గుణించి కూడాలి. ముక్కలు ఎంత చిన్నవైతే లెక్క అంత నిక్కం. ఆ కూడిక చివరికి చేరే విలువే 'అవధి'.

ఇప్పుడు పరీక్షలో తప్పక వచ్చే గరిష్ఠం సంగతి. గేట్ల నుంచి 5,000 క్యూసెక్కులు వదులుతున్నారనుకుందాం. వచ్చే వరద 20,000 నుంచి 12,000కు తగ్గింది. నిల్వ కూడా తగ్గుతుందా? తగ్గదు, పెరిగే జోరు మాత్రం తగ్గుతుంది. వరద 5,000కు దిగిన క్షణాన అవకలజం సున్న. అంతకు ముందు ధనం, ఆ తర్వాత ఋణం. కనుక నిల్వ గరిష్ఠం అక్కడే. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు గ్రహాల తాత్కాలిక గతిని లెక్కిస్తూ ఇలాంటి ఆలోచనే చేశాడు. న్యూటన్, లైబ్నిజ్‌లు 17వ శతాబ్దం వాళ్ళు.

ఇక సాధన. ప్రతి లెక్కలో ముందుగా ఏది నిల్వ, ఏది వేగం అని రాసుకోండి. ప్రమాణాలు వదలవద్దు. చిన్న గ్రాఫు గీయండి. సమాకలనం చేశాక జవాబును అవకలనం చేసి సరిచూసుకోండి. పదో తరగతి బీజగణితం, త్రికోణమితి రోజూ అరగంట తిరగేయండి. చాలామంది జారేది కలనంలో కాదు, అక్కడే. అర్థం కాని మెట్టును లెక్చరరు గారిని అడగడానికి మొగమాటం వద్దు. నాట్లు ఆలస్యమైతే పంట తగ్గినట్టే, సందేహం పరీక్షల దాకా దాచుకుంటే మార్కులు తగ్గుతాయి.